మెట్ల మీది ఎక్కాలు

"ఈ సెలవుల్లో ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండండి."

మా ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. తలెత్తకుండానే, "ఏం జరుగుతుంది?" అన్నారు.

"అదే తెలియట్లేదు. తెలిస్తే ఇంత భయం దేనికి?"

ఆయన నవ్వి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. అప్పటికి నిజంగానే ఏమీ జరగలేదు. కిటికీ బయట చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి, బడులకు సెలవులిచ్చారు, అంతే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషిని. మేలు దాకా వెళ్లేలోపు పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూ ఉంటుంది.

బడులకు సెలవులైతే నాకేమిటని అడగవచ్చు. మా పిల్లలు బడికి వెళ్లరు. ఇంట్లో నేనే చెబుతాను. నేను చదివింది పదో తరగతి, అదీ రెండోసారికి గట్టెక్కాను. వాళ్లకు రేపు చెప్పాల్సిన పాఠం ఇవాళ నేను నేర్చుకుంటాను. భిన్నాలు చెప్పాలంటే బంగాళాదుంపలు కోస్తాను. ఆ పూట కూర కూడా అదే.

పెద్దది ఆడపిల్ల, తొమ్మిదేళ్లది. గువ్వ అంటాం. ఇంట్లో మా ముగ్గురితో మాట్లాడుతుంది, అదీ పక్క గదిలోకి వినపడనంత మెల్లగా. బయటివాళ్లు కనిపిస్తే ఆ కాస్తా ఉండదు. ఒకటో తరగతిలో టీచరు హాజరు పిలిచినప్పుడు ఎదురుగా కూర్చుని ఉండి కూడా పలికేది కాదట. ఆవిడ రాలేదని రాసుకునేది. ఒకరోజు బడి నుంచి కబురొచ్చింది, మీ అమ్మాయి అసలు బడికే రావడం లేదేమిటని. రోజూ చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపి వచ్చేది నేనే. ఆ మర్నాటి నుంచి నిజంగానే పంపడం మానేశాను.

రెండోవాడు వసపిట్ట. అయిదేళ్లు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరైనా అక్కను ఏదన్నా అడిగితే వాడే జవాబు చెప్పేస్తాడు. వాడు అందుకోలేకపోతే నేనున్నాను.

మేముండేది నాలుగో అంతస్తు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. నేను లిఫ్టు ఎక్కను. "మిఠాయి కొట్టువాడి పెళ్లాం తీపి ముట్టనన్నట్టుంది" అని ఆయన ఎగతాళి చేస్తారు. చెయ్యరూ మరి! రోజూ ఇంటికొచ్చి ఆగిపోయిన లిఫ్టుల కథలే చెబుతుంటే, ఆగకుండా నడిచే లిఫ్టులు కూడా ఉంటాయని ఎలా నమ్మడం? అందుకని నేనూ పిల్లలూ మెట్లే. ఎక్కేటప్పుడు ఆయాసం తెలియకుండా ఎక్కాలు చెప్పుకుంటాం. అంతస్తుకు రెండు వరసల మెట్లు, వరసకు పది మెట్లు. కాబట్టి వరసకో ఎక్కం. మొదటి అంతస్తు చేరేసరికి రెండు, మూడు ఎక్కాలు అయిపోతాయి. రెండో అంతస్తుకు నాలుగు, అయిదు. మూడో అంతస్తుకు ఆరు, ఏడు. ఎనిమిది, తొమ్మిది పూర్తయ్యేసరికి మా గుమ్మం వస్తుంది. పదో ఎక్కం తాళం తీస్తూ చెప్పేసుకుంటాం. ఏడో ఎక్కంలో ఎనిమిదో మెట్టు మీద మాత్రం గువ్వ ఎప్పుడూ ఆగుతుంది. నేను "యాభై ఆరు" అని అందిస్తే గాని కాలు పై మెట్టు మీదికి రాదు.

అసలు నా భయానికి కారణం వేరే ఉంది. మా ఆయన మరమ్మతుకు వెళ్లే భవనంలో ఒక హెడ్‌మిస్ట్రెస్ గారుంటారు. మాటల్లో గువ్వ సంగతి వచ్చింది. "సెలవులైపోయి బడి తెరిచిన రోజు తీసుకురండి. ఒకటి రెండు మాటలు అడుగుతాను. తనంతట తాను జవాబు చెబితే మధ్యలోనైనా చేర్చుకుంటాను. లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం" అన్నారట.

నేను వద్దనేదాన్నే. కానీ ఆయన గువ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "వెళ్తావా?" అని అడిగారు. అది ఆయన బూట్ల వైపు చూస్తూ తల ఊపింది. వెళ్తానని.

ఇక నాకు నిద్ర ఎక్కడిది? అక్కడ కూడా నోరు పెగలకపోతే? మాకు వినిపించే ఆ కాస్త గొంతూ లోపలికి పోతే? ఒకసారి మూసుకున్న పిల్లను ఇంట్లోకి తెచ్చుకున్నాను. రెండోసారి మూసుకుంటే ఎక్కడికి తెచ్చుకోవాలి?

ఆ సమయానికే మా ఆడపడుచు కూతుర్ని తీసుకుని దిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ పిల్లకు గువ్వ వయసే. వాళ్ల క్లాసుకు లీడరట. ఇంట్లోనూ లీడరే. వచ్చి చెప్పులు విప్పకముందే భోజనాల బల్ల మీద పరచిన పుస్తకాలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అత్తా, మీ బడికి సెలవులెప్పుడిచ్చారు?"

"మా బడికి సెలవులుండవమ్మా."

వసపిట్ట చేతిలో పెన్సిలు కింద పడింది. "ఎందుకుండవు?"

"బడికి వెళ్లేవాళ్లకే సెలవులు."

"అయితే మమ్మల్ని బడికి పంపేసి సెలవులివ్వు!"

మా ఆడపడుచు సంచులు కింద పెట్టి పడీపడీ నవ్వింది. "అడిగాడు చూడు వదినా, లాయరులా! ఇంక చెప్పు జవాబు."

పొద్దున ఒక్క గంట చదువు, మిగిలిందంతా సెలవు అని రాజీపడ్డాను. పడ్డానన్న మాటే గాని, చదువాపితే చదివినదంతా ఆకుల్లా రాలిపోతుందని ఒకటే గుబులు. అందుకని పాఠాలను పనుల్లో దాచిపెట్టాను. ఉతికిన మేజోళ్లు కుప్ప పోసి, "ఎన్ని జతలొస్తాయిరా?" అన్నాను.

"అమ్మా, ఇది పాఠమా?" అన్నాడు వసపిట్ట అనుమానంగా.

"కాదు, మేజోళ్లు."

"మేజోళ్లయితే మడతపెట్టుకో. లెక్కెందుకు?"

గువ్వ మాత్రం ఏమీ అనకుండా జతలు కట్టి, విడిగా మిగిలిన ఒక్క మేజోడును తమ్ముడి తల మీద టోపీలా తొడిగింది. దాని మాటలన్నీ అలా చేతుల్లోంచి వస్తాయి.

ఆరుగురికి మూడు పూటలా వండడం, స్నానాల గది తలుపు దగ్గర తగాదాలు తీర్చడం, వాన వస్తే బాల్కనీలోంచి బట్టలు లాగడం, ఎండొస్తే మళ్లీ ఆరేయడం. ఈ సందడిలోనే లీడరు బడి ఆట మొదలుపెట్టింది. పాత కేలండరు వెనక్కి తిప్పి గోడకు తగిలించింది. నా చెక్క గరిటె బెత్తమైంది. వసపిట్ట, గువ్వ కింద కూర్చున్నారు.

"గువ్వా, లే. ఆకులు ఎందుకు రాలతాయి?"

గువ్వ లేచి నిలబడింది. వంటింట్లోంచి నాకు దాని వీపు కనిపిస్తోంది. భుజాలు చెవుల దాకా పైకి వచ్చాయి. చూడలేకపోయాను.

"చలికాలంలో చెట్టు నీళ్లు దాచుకోవాలి కదా, అందుకని!" అని అరిచాను గిన్నెల మధ్య నుంచి.

లీడరు గరిటె నావైపు చూపించింది. "అత్తా, నువ్వు చెబితే మార్కు నీకే." అని కేలండరు మీద 'అత్త' అని రాసి, పక్కన గీత గీసింది.

సాయంత్రానికి గువ్వకు సున్నా, వసపిట్టకు మూడు. వాడు ఏది అడిగినా "ఏనుగు" అన్నాడు, అందులో మూడు కలిసొచ్చాయి. నాకు పదహారు.

"పదో తరగతిలో రాని ఫస్టు ర్యాంకు ఇప్పుడొచ్చింది వదినా" అంది మా ఆడపడుచు. "ఆ హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి నిన్నే తీసుకెళ్లి చేర్పిద్దాం. గువ్వ ఇంట్లో వంట చేసి పెడుతుంది." తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ, నవ్వకుండా అంది, "దానికి నోరు లేదనుకుంటున్నావు గానీ, సందు లేదేమో చూడు."

నాకు కోపం వచ్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అనుకున్నాను. పైకి మాత్రం, "ఇంకొంచెం సన్నగా తరుగు" అన్నాను.

పొద్దున్నే గువ్వకు జడ వేస్తూ తర్ఫీదు ఇచ్చేదాన్ని. "నీకేమంటే ఇష్టమని అడుగుతారు. ఏం చెప్తావు? చెప్పమ్మా. బొమ్మలు వెయ్యడమని చెప్పు. ఇదివరకు బడి ఎందుకు మానేశావంటారు. ఏం చెప్తావు? ఒంట్లో బాగాలేదండీ అను. అనవే తల్లీ, ఏదీ, అను." జడ బిగిసేకొద్దీ దాని గొంతు సన్నబడిపోయేది. చివరికి పెదవులు మాత్రమే కదిలేవి. అద్దంలో వాటిని చూసి నేను మరింత గట్టిగా చెప్పేదాన్ని.

ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర మా ఆయన యథాప్రకారం లిఫ్టు కథ విప్పారు. "ఇవాళ ఒక పెద్దావిడ ఆగిపోయింది. బయట వాచ్‌మన్ ఒకటే గోల. అమ్మా ఉన్నారా, అమ్మా భయపడకండి, అమ్మా మాట్లాడండి అని. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను వెళ్లి అతన్ని పక్కకు జరిపి, తలుపు తట్టి, 'లోపల ఎవరండీ?' అని ఒక్కసారి అడిగాను. అడిగి ఊరుకున్నాను."

"ఊరుకుంటే?" అంది లీడరు.

"కాసేపటికి ఆవిడే పలికింది. 'నాయనా, మీరంతా ఆపితే కదా నేను మాట్లాడేది' అని!"

అందరూ నవ్వారు. గువ్వ అయితే నవ్వుతూ చెంచా కంచంలో వదిలేసింది. "అంతేనమ్మా" అన్నారాయన దాని వైపు తిరిగి. "ఒకసారి అడిగి ఆగాలి. లోపలున్నవాళ్లు ఊపిరి తీసుకోవాలి కదా."

"ఊపిరాడకపోతేనో?" అన్నాను నేను.

"లిఫ్టుకు సందులుంటాయే పిచ్చిదానా" అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

సెలవులు ముగింపుకొచ్చాయి. ఆ మధ్యాహ్నం గాలి బాగా వీస్తోంది. వీధిలోని ఆకులు నాలుగో అంతస్తు బాల్కనీ దాకా ఎగిరొస్తున్నాయి. పిల్లలు కిందికి వెళ్లి ఆడుకొస్తామంటే ఆడపడుచు పంపించింది. నేను గిన్నెలు తుడుస్తున్నాను. కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగిపోయింది. అంతలో మెట్ల మీద దడదడమని అడుగులు, వసపిట్ట కేక.

"అమ్మా! అక్క లిఫ్టులో ఉంది! పందెం! మేం మెట్లు, అక్క లిఫ్టు! మేమే గెలిచాం!"

చేతిలో తుడుపుగుడ్డతోనే పరిగెత్తాను. లీడరు రెండు, మూడు అంతస్తుల మధ్య మలుపులో నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. "ఇక్కడే ఆగిపోయింది. నేను ఎక్కమనలేదు అత్తా. పందెంలో లిఫ్టు ఎవరెక్కుతారంటే తనే ఎక్కింది. తనే బటన్ నొక్కింది."

లిఫ్టు గోడ ఆ మలుపు పక్కనే. నేను రెండు చేతులతో గోడను బాదాను. "గువ్వా! ఉన్నావా? భయపడకు! ఏడుస్తున్నావా? ఏడవకు! కూర్చో! వద్దు, కూర్చోకు, నిలబడు! ఏ బటనూ ముట్టుకోకు! గంట బటన్ ఉంటే నొక్కు! గువ్వా! పలకవే! ఊపిరి ఆడుతోందా? గువ్వా!"

లోపల్నుంచి ఏమీ లేదు.

మా ఆడపడుచు వెనకాలే వచ్చి అన్నయ్యకు ఫోను కలిపి నా చెవి దగ్గర పెట్టింది. "వస్తున్నాను" అన్నారాయన. వెనక బండి చప్పుడు. "అది పడిపోదు. కరెంటు వస్తే దానంతటదే కదులుతుంది. తలుపు లాగకండి. వింటున్నావా? నువ్వు అరవకు."

"అది పలకడం లేదండీ!"

"నువ్వు ఆపితే కదా. ఒకసారి అడుగు. ఒక్కసారి. అడిగి ఆగు."

ఒక్కసారంటే ఏం అడగాలి? నాకు తోచింది ఒకటే మాట. గోడను మెల్లగా తట్టి, "గువ్వా, ఉన్నావా?" అన్నాను. ఇక ఆ తర్వాత నోరు ఆగదని నాకు తెలుసు. తుడుపుగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. సబ్బు వాసన, పొద్దుటి పాల వాసన. మా ఆడపడుచు మెట్టు మీద నా పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకుంది. వసపిట్ట ఏదో అనబోతే లీడరు వాడి నోరు మూసింది.

ఆ మెట్ల దారి అంత నిశ్శబ్దంగా ఉండడం ఎప్పుడూ ఎరగను. పై అంతస్తు కిటికీ గాలికి కొట్టుకుంటోంది. నోట్లో గుడ్డ లేకపోతే ఈపాటికి నేను వంద ప్రశ్నలు వేసి, వందకూ జవాబులు చెప్పి ఉండేదాన్ని.

అప్పుడు లోపల్నుంచి టక్ మని ఒక్క చప్పుడు. తట్టిన చప్పుడే.

లేవబోయాను. ఆడపడుచు లేవనివ్వలేదు.

ఆ తర్వాత సన్నగా, గోడ అవతల, ఎవరితోనూ కాకుండా తనలో తాను చెప్పుకుంటున్నట్టు ఒక గొంతు మొదలైంది. ఆరో ఎక్కం. అవును మరి, రెండు, మూడు అంతస్తుల మధ్య ఆరు, ఏడు ఎక్కాలే కదా. లిఫ్టులో మెట్లు లేవు గానీ తాను ఎక్కడున్నదో దానికి తెలుసు. ఆరు పూర్తయింది. ఏడు మొదలైంది. నేనెప్పుడూ దానితోపాటు చెబుతూ ఉంటాను కాబట్టి ఆ గొంతును ఒంటరిగా ఎన్నడూ వినలేదు. నేననుకున్నంత సన్నగా లేదు.

"ఏడేడులు నలభై తొమ్మిది."

"ఏడెనిమిదులు..."

ఆగింది.

నా గొంతులో యాభై ఆరు అడ్డం పడింది. గుడ్డను పళ్లతో కొరికి పట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వసపిట్ట రెండు చేతులతో తన నోరు తనే మూసుకుని నన్ను చూస్తున్నాడు.

"...యాభై ఆరు" అంది గోడ అవతలి గొంతు. "ఏడు తొమ్మిదులు అరవై మూడు."

తర్వాత చాలాసేపటికి దీపాలు వెలిగాయి. లిఫ్టు మూలిగి, కదిలి, మా అంతస్తుకే వెళ్లి ఆగింది. మేం మెట్లెక్కి పైకి చేరేసరికి గువ్వ గుమ్మంలో నిలబడి ఉంది. దాని మొహం చెమటతో తడిసింది. లోపలికి వెళ్లి నిండా ఒక గ్లాసు నీళ్లు తాగింది. ఇంకా సంచీ భుజాన వేలాడుతుండగానే ఆయన రొప్పుతూ వచ్చారు.

"ఏది? ఎక్కడ ఆగింది?"

"కదిలింది" అంది మా ఆడపడుచు. నేను గుడ్డ తీసుకెళ్లి ఉతకడానికి పడేశాను.

ఆడపడుచూ లీడరూ ఊరికి వెళ్లేటప్పుడు లీడరు గోడ మీది కేలండరు తీసి చుట్టి నా చేతికిచ్చింది. "నీ మార్కులు అత్తా, దాచుకో" అంది.

ఆ తర్వాత పొద్దుటి జడల్లో తర్ఫీదు లేదు. మానేశానంటే మానేయగల మనిషినా నేను? రిబ్బను పళ్ల మధ్య పట్టుకునేదాన్ని. నోట్లో రిబ్బను ఉంటే అడగడం కుదరదు. మొదటి రోజు గువ్వ అద్దంలో నావైపు ఆశ్చర్యంగా చూసింది. రెండో రోజు, నేనేమీ అడగకుండానే, "అమ్మా, జడ కొంచెం వదులుగా వెయ్యి" అంది.

బడి తెరిచిన రోజు వచ్చింది. గుమ్మం దాటగానే గువ్వ మెట్ల వైపు కాకుండా లిఫ్టు వైపు వెళ్లి తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన నన్ను చూశారు. కళ్లు మూసుకుని ఎక్కాను. ఆయన చెయ్యి గిల్లేశానని తర్వాత చూపించారు, ఎర్రగా.

హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి నేనూ గువ్వా వెళ్లాం. వసపిట్టను వాళ్ల నాన్న బయటే పట్టుకున్నారు. లోపలికి వస్తే అన్నిటికీ వాడే చెప్పేస్తాడని. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చిరునవ్వు నవ్వారు. మంచి మనిషే. కానీ నేను తర్ఫీదిచ్చిన ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు.

"మా క్లాసులో చాలామంది పిల్లలుంటారమ్మా. అందరి ముందూ టీచరు నిన్నేదైనా అడిగితే జవాబు చెప్పగలవా?"

గువ్వ భుజాలు చెవుల దాకా లేచాయి. బల్ల మీద గాజు కింద ఒక ఎండుటాకు ఉంది. దాన్నే చూస్తోంది.

నా దగ్గర రిబ్బను లేదు, గుడ్డ లేదు. చెబుతుందండీ, ఇంట్లో అన్నీ చెబుతుంది, కొంచెం బిడియమండీ, కొత్త కదండీ, అన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. చీపురు చప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇక నన్ను అడుగుదామన్నట్టు నావైపు తిరిగారు. నేను ఆవిడ కళ్లలోకి చూడలేదు. నేనూ ఆ ఎండుటాకునే చూశాను.

చీపురు చప్పుడు ఆగిపోయింది.

గువ్వ భుజాలు దిగాయి. ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది.

"చెప్తానండీ" అంది. "ఒకసారి అడిగి, కాసేపు ఆగాలి."